తడి కాగితం అతుక్కున్న చోటు

నేను దాచుకున్న ఒక పాత వారపత్రికలో ఒక పేజీ సగం ఉండదు. ఆ సగం గతౌరా నుంచి బిలాస్‌పూర్ వచ్చే దారిలో ఖర్చయింది.

మేమెక్కిన పికప్ బండి ఇంజన్‌లోంచి ఒకటే బుస. డ్రైవర్ ఆపి, రేడియేటర్ చూసి, ఏం కాలేదు పోదామన్నాడు. నా పక్కన కూర్చున్న ఆవిడ పోనివ్వలేదు. చీర మీద రైల్వే ఖాకీ చొక్కా వేసుకుంది, యాభై ఏళ్లుంటాయి.

"బ్రేకు గట్టిగా ఉందా?" అని హిందీలో అడిగింది.

పొద్దుట్నించీ రాయిలా ఉందన్నాడు.

"గాలి బయటికి రాట్లేదు బాబూ, లోపలికి పోతంది," అంది నా చేతిలో వారపత్రిక చూసి, తెలుగులో. "మా బోగీల బ్రేకు గొట్టాలకీ ఇదే రోగం. ఆ పుస్తకంలో ఓ కాగితం చింపు. సీరియల్ది కాదులే!"

నేను చింపిచ్చిన సగం పేజీ తడిపి, ఇంజన్ నుంచి బ్రేకుకి పోయే రబ్బరు గొట్టం పొడవునా జరిపింది. ఒకచోట అది చటుక్కున అతుక్కుంది. బుస ఆగిపోయింది! నేను చప్పట్లు కొట్టేశాను. ఆవిడ సంచిలోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి అక్కడ బిగించి చుట్టింది.

కాస్త దూరం వెళ్లామో లేదో ఎదురుగా రైల్వే గేటు పడిపోతోంది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. గేటుకి జానెడు దూరంలో బండి నిలబడింది.

అతను ఆవిడకి దండం పెట్టాడు. ఆవిడ చూళ్లేదు. కళ్లు మూసుకుని, ముందునుంచి నెమ్మదిగా పోతున్న గూడ్సు వైపు చెవి పెట్టింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఉండు బాబూ. దీన్లో కూడా ఒకటి బుసకొడతంది."