మేస్త్రీ ఇంట్లో ఉప్పు

సత్తెనపల్లిలో మా కారు మేస్త్రీ ఏదైనా కొత్త పని పూర్తికాగానే ఇంట్లోకి ఓ కేక వేసేవాడు. "ఏమే, ఉప్పు అయిపోయింది, కొట్టుకెళ్లి తీసుకురా!" కారు మరమ్మతుకీ ఉప్పుకీ సంబంధమేమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఎనభైల్లో ఆయన ఇంటి పెరట్లోనే రేకుల షెడ్డు, అందులో కారునెత్తే లిఫ్టు ఉండేవి. లిఫ్టు పట్టాల మధ్య దొర్లుతూ చక్రాల్ని పైకి లేపే జాకీ ఓసారి చెడిపోయింది. ఆ కంపెనీది ఎక్కడా దొరక్క, గుంటూరు నుంచి వేరే కంపెనీది తెచ్చాడు. తీరా చూస్తే దాని చేతులు పట్టాలకు అందలేదు.

"ఇది పట్టదేమోనండీ" అన్నాను.

"చేతులు పొట్టివైతే పొడుగు చేద్దామండీ, దానికేముంది!" అని రెండు ఇనప ముక్కలు వెల్డింగు పెట్టి బిగించాడు.

నా అంబాసిడర్‌ని దాని మీద లేపి, ఉప్పు కేక వేశాడు. భార్య సంచీ పట్టుకుని గేటు దాటగానే కారు కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు.

"కొత్త అతుకు కింద ముందు నేనండీ. ఆ తర్వాతే ఇంకోళ్లు" అంటూ ఈలపాట అందుకున్నాడు.

ఉప్పు సంగతి అప్పుడర్థమైంది. గేటు వైపు చూశాను. ఆవిడ కొట్టుకు వెళ్లనే లేదు. గోడ పక్కన సంచీని గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. సంచీలోంచి ఉప్పు పొట్లం అప్పటికే పైకి కనబడుతోంది.

మేస్త్రీ దుమ్ము దులుపుకుంటూ పైకి లేచాకే ఆవిడ లోపలికి వచ్చింది.

"అప్పుడే వచ్చేశావే!" అన్నాడాయన.

"కొట్లో జనం లేర్లే" అందావిడ, నావైపు చూడకుండా.