హార్మోనియం మీద సున్నం చుక్కలు

నాకు హార్మోనియం మీద మోజు పుట్టేసరికే తల నెరవడం మొదలైంది. ఆ వయసులో మనిషికి భక్తి పుట్టాలి, కాకపోతే మోకాళ్ల నొప్పులన్నా పుట్టాలి. నాకేమో ఇది పుట్టింది. నిజాం ఏలుబడి రోజులవి. ఇబ్రహీంపట్నం చెరువు కింద వరి పండించే సంసారికి తీరిక ఎక్కడిది? నీళ్ల వంతు వస్తే పొలం గట్టున ఉండాలి, శిస్తు లెక్కలు చూసే గిర్దావరు వస్తే చావడి ముందు నిలబడాలి. అయినా నాటకాలవాళ్లు వదిలేసిన ఒక పాత హార్మోనియం పెట్టెను పట్టుబట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

నాకు పాట రాదు. పాట నా భార్యది. కార్తీకంలో తులసి దగ్గర దీపం పెట్టి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న తులసమ్మ పాట ఆమె ఎత్తుకుంటే పక్కింటివాళ్లు దంచుతున్న రోకలి ఆపి వినేవాళ్లు. సన్నని గొంతు, ఎంత పైకైనా అవలీలగా పోయేది. ఒక్క సాయంత్రం ఆ గొంతు పక్కన నా పెట్టె పలకాలి. నా ఆశంతా అంతే. ఆమెతో మాత్రం చెప్పలేదు.

మా ఊరి భజనకు ఆదిభట్ల నుంచి ఒక పంతులు నడిచి వచ్చేవాడు. బొంగురు గొంతు, మంచి మనసు. గుడికి పోయే ముందు మా అరుగు మీద కూర్చుని నాకు నేర్పేవాడు. నా వేళ్లు చూసి నవ్వి, "ఇవి నాగలి పట్టిన వేళ్లు పటేలా. తొవ్వ తప్పకుండ పెట్టె మెట్ల మీద చుక్కలు పెట్టుకో," అన్నాడు. తమలపాకు డబ్బాలోంచి సున్నం తీసి, ఆయన గొంతుకు సరిపోయే 'స' దగ్గర మొదలుపెట్టి చుక్కలు పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఎడ్లను విడిచాక ఆ చుక్కల వెంట తడుముకుంటూ సాధన చేసేవాణ్ణి. "అన్నం తింటవా, ఆ పెట్టెనే తింటవా?" అని లోపలి నుంచి ఆమె కేకేసేది.

ఆమె మజ్జిగ చిలుకుతూ కూనిరాగం తీస్తుంటే చాటుగా విని, తులసమ్మ పాటను నా చుక్కల మీదికి దించుకున్నాను. ముదిరిన వయసులో నేర్చుకున్న విద్యకు పొగరు ఎక్కువ. నాకు వచ్చిందే దారి, మరో దారి లేదనుకున్నాను.

కార్తీకం వచ్చింది. దీపాల వేళకు వాడకట్టు ఆడవాళ్లు మా వాకిట్లో చేరారు. నేను పెట్టె తెచ్చి తులసి పక్కన పెట్టగానే ఆమె ముఖం విచ్చుకుంది. సిగ్గుపడుతూనే కొంగు సర్దుకుని, ఎప్పుడూ ఎత్తుకునే చోటే పాట ఎత్తుకుంది. నా పెట్టె ఎక్కడో కింద పలికింది. జోడెడ్లు చెరో దిక్కుకు గుంజినట్టయింది. ఆమె ఆగి, "జర మీదికి పట్టు. గంత కిందికి నా గొంతు రాదు," అంది.

పైకి పట్టడం నాకు రాదు. నా వేళ్లకు చుక్కలు తప్ప ఇంకేమీ తెలియవు. ఆ మాట అంతమంది ఆడవాళ్ల ముందు చెప్పబుద్ధి కాలేదు. "పెట్టె ఉన్న కాడికి నువ్వు రావాలె గని, పెట్టె నీ కాడికి వస్తదా?" అని కసిరాను.

ఆమె గొంతు దించుకుని పాడింది. పాట గొంతులోనే కూరుకుపోయింది. చివరి చరణాలు ఎవరికీ వినపడలేదు. వెళ్తూ వెళ్తూ పక్కింటావిడ, "పెట్టె మస్తున్నదక్కా," అంది. పాట బాగుందని ఒక్కరూ అనలేదు.

ఆ తరువాత కార్తీకాల్లో ఆమె ఉత్త దీపం పెట్టి లోపలికి వచ్చేసేది. అడిగితే, "పెట్టె ఉన్నది గద, ఇంక పాటెందుకు?" అనేది. ఆ గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే బతిమాలుకునేవాణ్ణి.

పంతులుకు సంగతి చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "ఏ మెట్టును 'స' అనుకుంటే పాట ఆడికే వస్తది పటేలా. ఆమె గొంతు ఏడుంటే ఆడికి నువ్వు పోవాలె. చుక్కలు తుడిచి మళ్ల మొదటి నుంచి నేర్వు," అన్నాడు. ఈ ఎండాకాలం నేర్చుకుంటానన్నాను. ఆ ఎండాకాలం బావి పూడిక తీయించే పని పడింది. తరువాత యుద్ధం వచ్చి సర్కారుకు లెవీ ధాన్యం కొలిచే తిప్పలు మొదలయ్యాయి, ఆ తరువాత రజాకార్ల భయం. ప్రతి ఏడూ వచ్చే ఎండాకాలమే అనుకున్నాను. పెట్టె అటకెక్కింది. ఆ ఏళ్లన్నీ ఆమె జొన్న చేలో మంచె ఎక్కి, పిట్టలను కొట్టడానికి పొద్దంతా అరిచేది. ఒక చలికాలం పట్టిన దగ్గు పూర్తిగా వదలనే లేదు.

నిజాం రాజ్యం పోయి ఊరు కుదుటపడ్డాక పెట్టె దించాను. తడిగుడ్డతో చుక్కలు తుడిస్తే సున్నం పోయింది గాని మరకలు పోలేదు. ముసలివాడైపోయిన పంతులు దగ్గర మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. నా వేళ్లు ఆమె శ్రుతికి ఎక్కాయన్న నమ్మకం కుదిరాక, కార్తీకంలో తులసి దగ్గర కూర్చుని ఆమె పాటను ఆమె చోటే వాయించాను.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. గుర్తుపట్టింది. పక్కన కూర్చుని గొంతెత్తింది. పైన గాలి తప్ప ఏమీ పలకలేదు. దగ్గి, మళ్లీ ఎత్తుకుంది. గొంతు చీలిపోయింది.

"జర కిందికి పట్టు," అంది.

ఒక మెట్టు దిగాను. "ఇంకింత," అంది. దిగుతూ దిగుతూ పోతే నా వేళ్లు సున్నం మరకల మీదికి చేరాయి. అక్కడ ఆమె గొంతు కుదిరింది. బొంగురుగా, ఒక్క మాటా వదలకుండా పాట మొత్తం పాడింది. అయిపోయాక నా వైపు చూసి నవ్వింది.

"పెట్టె ఉన్న కాడికే వచ్చిన గద," అంది.

నేను తలెత్తలేకపోయాను. ఇప్పుడు ఏ మెట్టు మీదనైనా ఆ పాట వాయించగలను. రోకళ్లు ఆగి విన్న ఆ గొంతుకు మాత్రం ఒక్కసారి కూడా వాయించలేదు.