బొట్టు పెట్టిన గాజుపలక

మొన్న అమావాస్యనాడు తాడేపల్లిగూడెంలో మా మనవడు మేడ మీద దుర్భిణి నిలబెట్టి, దాని వీపున కెమెరా బిగించి, తాను మాత్రం హాయిగా కూర్చుని పెసరట్టు తింటున్నాడు. అదేమిట్రా, దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదా అంటే, మోటారు ఉంది నాయనమ్మా, చుక్క ఎటు పోతే అదీ అటే తిరుగుతుంది అన్నాడు. కాసేపటికి ఫోనులో దేవయాని గెలాక్సీ చూపించాడు. చుట్టూ ఇసక చల్లినట్టు చుక్కలు, నడుమ ఏటవాలుగా తెల్లటి పొగ. ఆ ఒక్క బొమ్మ కోసం మా వారు ఎంత తపించారో, దాన్ని రెండుసార్లు నేనే ఎలా పోగొట్టానో, నా ఈడువాళ్లు మీరెవరైనా ఉంటే మీకే చెప్పుకోవాలి.

యాభైలనాటి మాట. మా వారు ఏలూరులో హైస్కూలు సైన్సు మాస్టారు. నేను కాపురానికి వచ్చేసరికే ఆయనకి ఎడమకన్ను పోయింది. నీటికాసులట, రెండోదీ ఎంతోకాలం నిలవదని డాక్టరుగారు చెప్పేశారు. ఇంకొకరైతే దిగులుతో మంచం పట్టేవారు. ఈయనేమో చూపుండగానే దేవయానిని ఫోటో తీసి బడి గోడకి తగిలించాలని పంతం పట్టారు. అద్దాలు తెప్పించి, రేకు గొట్టంలో బిగించి దుర్భిణి చేసుకుని, దాని మీద పాత కెమెరా ఒకటి తాళ్లతో కట్టారు. కెమెరా మూత తీశాక గంటసేపు దుర్భిణిలో ఒక చుక్కనే చూస్తూ, అది పక్కకి పోకుండా గొట్టాన్ని మరతో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. ఆ గురి కోసం నా తలవెంట్రుకలు రెండు అడిగి తీసుకుని, కన్ను ఆనించే చోట అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ అంటించారు. పద్దెనిమిదేళ్లదాన్ని, ఎంత సిగ్గుపడిపోయానో!

ఏలూరులో వీధిదీపాలు అడ్డమని, మహాలయ అమావాస్యకి కొల్లేటి ఒడ్డున మా ఆడపడుచుగారింటికి వెళ్లాం. పెద్దలకి పెట్టుకునే రోజున ఈ చుక్కల గోలేమిట్రా, నీకేమైనా గాలి సోకిందా అని ఆవిడ తమ్ముణ్ణి సాధించారు. దోమలకి వేపాకు పొగ వేయబోతే, ఫోటోకి అడ్డమని ఈయన వేయనివ్వలేదు. బుట్ట కింద లాంతరు, దాని పక్కన టైంపీసు పెట్టుకుని ఐదేసి నిమిషాలకి టైము చెప్పడం నా పని. గంట అయ్యేసరికి ఆయన ఒంటికన్ను ధారగా కారుతోంది. మూత వేసి, "పట్టానే!" అన్నారు. ఆ గొంతులో అంత సంతోషం మళ్లీ నేను వినలేదు.

ఆరోజుల్లో ఫోటో పడేది పూత పూసిన గాజుపలక మీద. దాన్ని చీకటిగదిలో మందునీళ్లలో కడిగితేగాని బొమ్మ పైకి రాదు. మందు బెజవాడ నుంచి రావాలి. ఈలోగా దసరా వచ్చింది. మహానవమినాడు ఆయన పార్సిలు తేవడానికి స్టేషనుకి వెళ్లారు, నేను ఆయుధపూజకి కూర్చున్నాను. ఆయన పుస్తకాలు, కలం, దుర్భిణి, అన్నీ పీట మీద పెట్టి తడిగుడ్డతో తుడిచాను. పలక ఉన్న చెక్కపెట్టె దగ్గరికి వచ్చేసరికి నా తెలివి తెల్లారినట్టే ఉంది. పెట్టెకి బొట్టు పెడితే ఏం పుణ్యం, ఫోటోకే పెట్టాలి గదా! తీయడం అయిపోయిందిగా, ఇంకేం భయమనుకున్నాను. మూత తీసి, పలకని శుభ్రంగా తుడిచి, మూడు బొట్లు పెట్టాను.

"ఏవండీ, మీ ఫోటోకి కూడా పూజ చేశానండీ" అని నేనే మురిసిపోతూ ఎదురెళ్లాను. ఆయన పార్సిలు గడప మీద పెట్టి, పీట దగ్గరికి వెళ్లి పలకని చేతిలోకి తీసుకున్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి ఊరికే దాన్ని కడిగారు. కడగకముందే వెలుగు తగిలింది గదా, పలకంతా నల్లబడిపోయింది. బొట్లు పెట్టిన మూడుచోట్ల మాత్రం పూత నాని ఊడొచ్చి, లాంతరు ముందు పెడితే వెలుగు కనిపించింది. "ఆకాశం నల్లగానే పడింది, చుక్కలు నువ్వు పెట్టావు" అని నవ్వారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

ఆ తరవాత మబ్బులు. మరుసటి ఏడు మళ్లీ అదే పెరట్లో, కొత్త పలక పెట్టి, కన్ను ఆనించి చాలాసేపు వెతికారు. "నాకు చుక్క ఆనడం లేదే. నువ్వు పట్టుకో, నేను పక్కనే ఉంటాను" అన్నారు. నా చెయ్యి మంచిది కాదండీ, ఇదీ పాడుచేస్తాను అన్నాను. మళ్లీ అడిగారు. పట్టుకోవే పిల్లా, వాడంతగా అడుగుతుంటే అని ఆడపడుచుగారు కూడా అన్నారు. నేను లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాను. తెల్లారి లేచి చూస్తే, ఆయన తడుముకుంటూ కెమెరా తాళ్లు విప్పుతున్నారు.

మరుసటేటికి ఆ కన్నూ పోయింది. ఆపైన ముప్ఫై ఏళ్లు బతికారు. కార్తీకంలో పెరట్లో కూర్చుని, పిల్లలకోడి చుక్కలు, అవే కృత్తికలు, పొడిచాయా అని నన్నడిగేవారు, పొడిచాయండీ అనేదాన్ని. ఆ ఫోటో మాట మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

ఇప్పుడు కొల్లేటి చుట్టూ చేపల చెరువులు, గట్ల మీద తెల్లవార్లూ దీపాలు. ఆనాటి చీకటి ఎక్కడా లేదు, చుక్కని పట్టుకోమని మనిషిని మనిషి బతిమాలాల్సిన పనీ లేదు. మొన్న నా గదిలోకి వెళ్లినదాన్ని మళ్లీ మేడెక్కి, ఆ మోటారు ఆపి ఓసారి నా చేతికివ్వరా అన్నాను. మనవడు నవ్వి, కెమెరా విప్పి, తిప్పే మర చూపించాడు. కన్ను ఆనించాను. చుక్క జరగబోతే కాస్త తిప్పాను, మళ్లీ జరగబోతే మళ్లీ తిప్పాను. ఈ వయసులో, ఈ వణికే చేతులతో, చాలాసేపు దాన్ని పోనివ్వలేదు. ఇంతేనా పని! ఆయన నన్ను అడిగింది ఒక్క గంట.