ఒలీటా కొన్న రికార్డు

కోల్డర్ ఊళ్లో ఒలీటా టాడ్‌లాక్ గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. జైల్లో ఖైదీల ముందు పాడిన పాటల రికార్డు బజారుకొచ్చిన వారంలోనే ఆమె సిల్వేరా రేడియో షాపుకెళ్లి, ఉన్న పదకొండు రికార్డులూ ఒక్కసారే కొనేసి, రైలుకట్ట మీద ఒక్కొక్కదాన్నే పట్టాకేసి కొట్టి పగలగొట్టిందని. మొగుడు జైల్లో ఉన్నాడన్న సిగ్గుతో అంత పని చేసిందని కొందరు, కాదు, మొగుడి మీద కోపమని కొందరు. చెప్పేవాళ్లలో కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రికార్డులు అంత తేలిగ్గా పగిలే రకమూ కాదు.

ఒలీటా ఓక్లహోమాలో పుట్టింది. నాలుగేళ్లప్పుడు పరుపుల మీద కూర్చోబెట్టి లారీలో కాలిఫోర్నియాకి తెచ్చారు. ఆరో తరగతి సగంలో ఉండగా పత్తి తీతకి మనుషులు చాల్లేదని బడి మాన్పించారు. తర్వాత మళ్లీ ఎవరూ పంపలేదు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నలుగురిలో ఉంటే ఓ పక్కగా నిలబడి అందరి చేతులూ చూస్తూ ఉండేది.

వర్లిన్‌ని మొదట చూడలేదు, విన్నది. పీచుపండ్ల తోటలో కూలీల క్యాంపులో సాయంత్రం ఎవరో జోకు చెప్పారు. అందరూ నవ్వారు. నవ్వడం అయిపోయి మళ్లీ బీన్స్ తినడంలో పడ్డాక, దూరంగా ఒక్కడు మొదలుపెట్టాడు. గుడ్డు పెట్టిన కోడి గోల చేసినట్టు, ఆగి ఆగి, పైపైకి. వర్లిన్ టాడ్‌లాక్‌కి ఏ జోకైనా కాసేపు లోపల నానాలి. అందరిదీ అయ్యాక ఆయనది వచ్చేది. దాన్ని విని క్యాంపంతా రెండోసారి నవ్వింది. ఆ ఏడే పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయిన నాలుగో ఏట వర్లిన్ తన బావమరిదితో కలిసి, గుళ్లు లేని తుపాకీ పట్టుకుని ఒక పెట్రోలు బంకు దోచాడు. మైలు దూరం పోకముందే దొరికారు. తుపాకీలో గుళ్లు లేవన్నది కోర్టుకు పట్టలేదు. శిక్ష ఐదేళ్ల నుంచి జీవితాంతం దాకా అన్నారు. ఆ మాటకి అర్థం, ఐదేళ్లు దాటాక ఏటా ఒకసారి ముగ్గురు పెద్దమనుషుల బోర్డు కూర్చుంటుంది, వదలాలనుకుంటే వదులుతుంది, లేకపోతే మళ్లీ ఏడాది. ఒలీటా సామాను సర్దుకుని జైలున్న కోల్డర్ ఊరికే వచ్చేసింది. చర్చి వెనక రేకుల ట్రైలర్‌లో ఉంటూ, హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో మాసికలు వేసే పనిలో కుదిరింది. ప్రతి ఆదివారం రెండు మైళ్లు నడిచి జైలుకెళ్లేది. పొడుగాటి బల్లకి అటు ఆయన, ఇటు ఈమె, బల్ల చివర గార్డు. ఆయన బల్లకేసి చూస్తూ మెల్లగా మాట్లాడేవాడు. నవ్వేవాడు కాదు. బోర్డు ముందుకి ఒకసారి వెళ్లి వచ్చాడు. మళ్లీ ఏడాది అన్నారు.

అరవై ఎనిమిది జనవరిలో టార్వర్ అనే పాటగాడు జైలుకొచ్చి పాడాడు. భోజనాల హాల్లో, పొద్దున ఒక ఆట, మధ్యాహ్నం ఒక ఆట. కంపెనీవాళ్లు మైకులు పెట్టి అంతా టేపుకెక్కించుకున్నారు. పాట అయ్యాక చప్పట్లు కొట్టొచ్చుగాని, జైలు ఉద్యోగుల మీద ఎవరైనా ఒక మాట అంటే కిక్కురుమనొద్దని గార్డుల పెద్ద కెప్టెన్ బ్లెడ్సో ముందే చెప్పాడు. ప్రతి వరస చివరా ఒక గార్డు పేర్లు రాసుకునే కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

ఇదంతా ఒలీటాకి వర్లిన్ చెప్పగా తెలుసు. రికార్డు మే నెలలో వచ్చింది. ఆమె పనినుంచి ఇంటికి పోతుంటే సిల్వేరా షాపు గుమ్మానికి కట్టిన స్పీకర్‌లో అదే మోగుతోంది. రెండు పాటల మధ్య టార్వర్ మాట్లాడుతున్నాడు. 'మీ కెప్టెన్‌గారిని కూడా వచ్చి ఒక పాట పాడమన్నాను. వద్దులే, నేను గొంతు విప్పితే ఇన్నాళ్లూ గోడ దూకాలనుకోనివాళ్లు కూడా దూకేస్తారు అన్నాడు' అన్నాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. అంతలో ఒక్క నవ్వు. కోడి గోల చేసినట్టు, ఆగి ఆగి, పైపైకి.

ఒలీటా అక్కడే ఆగిపోయింది. రికార్డు ఆ వైపు మొత్తం అయ్యేదాకా నిలబడి విన్నది. తర్వాత షాపులోకి వెళ్లింది.

బయటికొచ్చి కాలవ వంతెన ఎక్కాక ఆమెకి కెప్టెన్ గుర్తొచ్చాడు.

కెప్టెన్ బ్లెడ్సో చర్చి గాయకుల్లో ముందువరస మనిషి. ఈస్టరు రోజు ఒంటిపాట ఆయనదే, ఇరవై ఏళ్లుగా. ఆ గొంతు గురించి ఊళ్లో ఎవరికీ పెద్ద భ్రమలు లేవుగాని, ఆయన ఎదురుగా అన్నవాళ్లూ లేరు. ఇప్పుడు దేశమంతా వింటోంది. ఆయన గొంతు మీద జోకు, దాని మీద ఒక ఖైదీ నవ్వు. వర్లిన్ మళ్లీ బోర్డు ముందుకి వెళ్లేది ఆగస్టులో. కెప్టెన్ కాగితం మీద ఒక్క ముక్క రాస్తే చాలు.

ఆదివారం జైలు గేటు దగ్గర క్యూలో ఆడవాళ్లు అదే చెప్పుకుంటున్నారు. కెప్టెన్ తన గదిలో రికార్డు పెట్టుకుని, ఖైదీల్ని ఇంటిపేర్ల అక్షరాల వరసన ఒక్కొక్కణ్ణే పిలిచి, ఆ నవ్వు వినిపించి, నువ్వూ నవ్వు అంటున్నాడట. ఆయన ముందు ఎవడికీ నవ్వు రావడం లేదట. ఒకడు భయపడి ఏడ్చాడట. ముసలి వైనీ అత్త కొడుకు ఇంటిపేరు ఎల్‌తో మొదలవుతుంది, వాణ్ణి శుక్రవారమే పిలిచారు.

“మావాడికి నవ్వు రాదని అప్పుడే చెప్పాను,” అంది వైనీ అత్త. “వాళ్ల నాన్న పోలిక. పెళ్లిఫొటోలో కూడా మూతి బిగించుకునే ఉన్నాడు మహానుభావుడు.”

టాడ్‌లాక్ టి అక్షరం. ఒలీటా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇంకో మూడు వారాలు.

బల్ల దగ్గర కూర్చోగానే వర్లిన్ ఆమె మొహం చూశాడు.

“ఏంటే, అలా ఉన్నావు?”

“రికార్డులో నవ్వింది నువ్వే.”

“నవ్వే ఉంటాను. వాయించేవాడి స్టూలు కాలు విరిగి వెల్లకిలా పడ్డాడు, చెప్పానుగా.”

“స్టూలు కాదు. కెప్టెన్ పాట గురించి అన్నప్పుడు.”

వర్లిన్ తల ఎత్తాడు. ఆ మాట అన్నది పొద్దున ఆటలోనని, పొద్దున తను హాల్లోనే లేనని చెప్పాడు. తనలాంటి వంటింటి పనివాళ్లని పొద్దున పంపలేదు. రెండువేల మందికి బీన్స్ ఉడికించే పని, ఎవడు వదిలిపెడతాడు. తను వెళ్లింది మధ్యాహ్నం ఆటకి. స్టూలు విరిగింది మధ్యాహ్నం.

“మరి నీ నవ్వు పొద్దునకెలా వచ్చింది?”

“నన్నడుగుతావేం? నేనేమన్నా మోసుకెళ్లి పెట్టానా?”

గార్డు ఇటు చూశాడు. వంటింట్లో ఉన్నానని కాగితాల్లో ఉంటుందిగాని, ఆ నవ్వు ఒక్కసారి చెవినపడ్డాక కెప్టెన్ కాగితాలు వెతికే మనిషి కాదని వర్లిన్ మెల్లగా అన్నాడు. ఆమె ఏం చేస్తానని చెప్పలేదు. ఏం చేయాలో ఆమెకీ తెలియదు.

మర్నాడు సిల్వేరా దగ్గరికి వెళ్లింది. సిల్వేరా పోర్చుగీసు ముసలాయన, రేడియోలు విప్పి బాగుచేస్తూ ఎదుటివాళ్ల మొహం చూడకుండా మాట్లాడతాడు. అందుకే ఒలీటాకి ఆయనతో మాట్లాడటం కష్టమనిపించేది కాదు. రెండు ఆటలు పాడితే ఒక రికార్డు ఎలా అవుతుందని అడిగింది.

“బ్లేడుతో కోస్తారమ్మా,” అన్నాడు సిల్వేరా. “టేపు కదా. ఇక్కడ బాగున్న ముక్క, అక్కడ బాగున్న ముక్క తీసి అతికిస్తారు. చప్పట్లు చాలకపోతే ఇంకోచోటునుంచి తెచ్చి కలుపుతారు. నవ్వులూ అంతే.”

“కలిపినట్టు తెలియదా?”

“నువ్వు మాసిక వేస్తే హోటలువాళ్లకి తెలుస్తుందా?”

తెలియదు. ఒలీటా వేసిన మాసిక వెలుగుకి పట్టి చూస్తేగాని తెలియదు. ఆమెకి అంతా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఏమైంది, ఎవరికి చెప్పాలి. నవ్వు అతికించారని చెప్తే, అది ఎవరి నవ్వో నీకెలా తెలుసంటారు. అడిగితే అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు. ఆమె అబద్ధం చెప్తే మెడమీద ఎర్రటి మచ్చలు లేస్తాయి.

చర్చి గాయకుల అంగీలు మాసికలకి వచ్చేది ఆ లాండ్రీకే. శనివారం పాటల సాధన ఉంది. కెప్టెన్ అంగీ చంక దగ్గర చిరిగితే ఆమే కుట్టింది. మామూలుగా అయితే మూట చర్చిలో పాస్టరు భార్యకిచ్చి వచ్చేసేది. ఆ శనివారం పక్కగదిలో కెప్టెన్ ఒక్కడే ఉండటం చూసి లోపలికి వెళ్లింది. ఆయన గొంతు సవరించుకుంటున్నాడు.

“టాడ్‌లాక్ భార్యవి కదూ?”

“అవును సార్.” అంగీ అందించింది. ఆయన చెయ్యి దూర్చి చంక కింద తడిమి చూసుకుని బాగుందన్నాడు. ఆమె కదల్లేదు. ఆయన మళ్లీ ఆమెకేసి చూశాడు.

“ఆ రికార్డులో నవ్వు,” అంది ఒలీటా. “ఆ రోజు మీకు వినపడిందా సార్?”

కెప్టెన్ మొహం గట్టిపడింది. ఎందుకడుగుతున్నావన్నాడు.

“మీరు అక్కడే నిలబడి ఉన్నారంటారు కదా సార్. మీ చెవిన పడకుండా అంత గట్టిగా ఎవరు నవ్వుతారు?”

పక్కన హాల్లో ఎవరో పియానో మీద ఒకే మెట్టు నొక్కుతూ ఉన్నారు. ఒలీటా తన చేతులకేసి చూసుకుంటూ నిలబడింది.

“ఆ రోజు ఆ హాల్లో ఈగ కూడా నవ్వలేదు,” అన్నాడు చివరికి, మెల్లగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. “నేను తలుపు దగ్గరే ఉన్నాను. వెయ్యి మొహాలు చూస్తున్నాను.”

“కంపెనీవాళ్లు టేపు కోసి అతికిస్తారట సార్. సిల్వేరాగారు చెప్పారు. దుప్పటికి మాసిక వేసినట్టేనట.”

కెప్టెన్ ఇంకేమీ అడగలేదు. అంగీ గుండీలు పెట్టుకుని పాడటానికి వెళ్లిపోయాడు. తను చేసింది మంచో చెడో తెలియక ఒలీటా ఆ వారంలో రెండుసార్లు వేలికి సూది గుచ్చుకుంది.

తర్వాత ఆదివారం గేటు దగ్గర వైనీ అత్త చెప్పింది, నవ్వించడం ఆపేశారని. పి అక్షరం సగంలో ఆగిందట. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. బోర్డు ఇంకా మిగిలే ఉంది.

ఆగస్టులో బోర్డు కూర్చుంది. లోపల ఏం జరిగిందో తర్వాత వర్లిన్ చెప్పాడు. బయటికెళితే లాండ్రీలో బాయిలరు పని ఇస్తానని యజమానురాలు కింబ్రోగారు రాసిన ఉత్తరం చూశారు. వంటింట్లో ఆరేళ్ల పని గురించి అడిగారు. అంతా సవ్యంగా పోతుండగా ముగ్గుర్లో ఒకాయన, రిటైరైన షెరీఫు, కుర్చీలో వెనక్కి వాలి, మా ఆవిడకి ఆ రికార్డు కొన్నాను, మీ కెప్టెన్ మీద నవ్వినవాడెవడో నీకు తెలుసా టాడ్‌లాక్ అన్నాడు.

వర్లిన్ నోరు తెరిచేలోగా గోడవారన నిలబడ్డ కెప్టెన్ బ్లెడ్సో ముందుకొచ్చాడు. తన మీద ఎవరూ నవ్వలేదన్నాడు. అది కంపెనీవాళ్లు వేరేచోట కోసి తెచ్చి అతికించిన నవ్వని, వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం కూడా తెప్పించుకున్నానని, తన జైల్లో తన పాట మీద నవ్వే మగాడు ఇంకా పుట్టలేదని బల్ల గుద్ది చెప్పాడు. ఆ పాట ఎలా ఉంటుందో ముగ్గురికీ తెలుసు. ఒకాయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇంకొకాయన కాగితాలు సర్దుకున్నాడు. షెరీఫు తల దించుకుని సంతకం పెట్టేశాడు.

వర్లిన్‌కి నవ్వు రానే వచ్చింది. ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఆయన ఆ గది దాటి, రెండు ఇనప తలుపులు దాటి, వంటింటి వెనక బంగాళదుంపల బస్తాల దగ్గర ఉన్నాడు.

సెప్టెంబరు మొదటి మంగళవారం పొద్దున పదింటికి వదిలారు. ఒలీటా గేటుకి ఎదురుగా రోడ్డు అంచున ఏడింటినుంచీ నిలబడి ఉంది. ఆయన చేతిలో అట్టపెట్టెతో బయటికి వచ్చి ఎండకి కళ్లు చిట్లించేదాకా బాగానే నిలబడింది. ఆయన రోడ్డు దాటుతుండగా అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. ఆయన పెట్టె దింపి పక్కనే కూర్చున్నాడు.

“లెగు,” అన్నాడు కాసేపయ్యాక. “గార్డు చూస్తున్నాడు.”

“చూడనీ,” అంది ఒలీటా. “ఇప్పుడు వాడేం చేస్తాడు.”

వర్లిన్ బాయిలరు దగ్గర పద్నాలుగేళ్లు పనిచేశాడు. ఒలీటా ఆ తర్వాత కూడా మాసికలు వేస్తూనే ఉంది. చర్చిలో కెప్టెన్ పాడినప్పుడల్లా ఇద్దరూ వెనక వరసలో కూర్చునేవాళ్లు, ఆమె వర్లిన్‌ని తలుపుకి దగ్గరగా కూర్చోబెట్టేది.

ఊరి మాటలో రికార్డులు పదకొండు. సిల్వేరాకి మొదట వచ్చినవి నాలుగు. అందులో మూడు గార్డుల ఇళ్లకే పోయాయి. నాలుగోది ఒలీటా కొన్నది. వినగానే షాపులోకి వెళ్లి, అప్పటికింకా కెప్టెన్ సంగతి తోచకముందే, ఆరేళ్లుగా వినని నవ్వు అందులో ఉందని కొన్నది. ఇంట్లో రికార్డు వేసే పెట్టె లేదు.