నాగరత్నం మేడం చదివిన ప్రేమకథలు

మొన్న జమ్మలమడుగు బస్సులో నా పక్క సీటు అమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో కథ వింటోంది. సౌండు ఎంత పెంచిందో, మాటలు నాకూ వినిపిస్తున్నాయి. "వద్దు, వదలండి" అని ఒక ఆడగొంతు. వెంటనే మగవాడి నవ్వు, దాని వెనక మెల్లగా లేచిన వయొలిన్. నాకు కూర్చున్నచోట కుదురు లేకుండా పోయింది. వద్దు అంటున్న మనిషి వెనక అంత తీయని సంగీతం ఎందుకు పెట్టారు? నాగరత్నం మేడం ఉంటే ముందు ఆ మాటే అడిగేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. అడగడం మాత్రం నాకు అంటించి పోయారు.

మేడం ప్రొద్దుటూరులో మా డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. పులివెందుల దగ్గర పల్లెలో భూములున్న కుటుంబం వాళ్లది. పుట్టింట్లో గొంతు పెంచే హక్కు మగవాళ్లకే ఉండేదని, ఆ బాకీ క్లాసులో తీర్చుకుంటున్నానని అనేవారు. ఒక మధ్యాహ్నం నేను చివరి బెంచీలో ఫోన్‌లో సీరియల్ చదువుతూ దొరికిపోయాను. అందులో నాయకుడు కోటీశ్వరుడు. తనను కాదన్న అమ్మాయిని ఎత్తుకొచ్చి గెస్ట్‌హౌస్‌లో పెడతాడు. ఆమె ఏడుస్తుంది, తిడుతుంది, చివరికి అతని కౌగిలిలో కరిగిపోతుంది. మేడం ఫోన్ తీసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం తిట్లు తినడానికి సిద్ధపడి స్టాఫ్‌రూముకు వెళ్లాను. ఆవిడ కళ్లజోడు తీసి ఫోన్ నా చేతిలో పెట్టారు.

"ముందు భాగాలన్నీ చదివేసినా. తర్వాతది ఎప్పుడొస్తాది?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నీకు నచ్చిందా?" అన్నారు. నచ్చిందన్నాను. "నాకూ కొన్నిచోట్ల నచ్చింది. అదే నన్ను నిమ్మళంగా కూర్చోనీడం ల్యా."

అలా మొదలైంది, ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ ఇంట్లో మేము చేరడం. కాలేజీ అమ్మాయిలం కొందరం, వీధిలోని ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు. చదివినవి దాచుకోకుండా తెమ్మనేవారు. ఒకసారి ఆ గెస్ట్‌హౌస్ ఘట్టాన్నే నాతో చదివించారు, చిన్న మార్పుతో. నాయకుడి కారు, బంగళా, అందం తీసేసి, రోజూ మా కాలేజీ గేటు దగ్గర నిలబడి మమ్మల్ని సతాయించేవాణ్ణి అక్కడ పెట్టమన్నారు. మాటలు మాత్రం అవే. సగం చదివి ఫోన్ పక్కన పెట్టేశాను.

"ఆ పిల్ల నోటితో వద్దంటాంది. రాసినామె ఆ మాట పక్కన పడేసి, ఒళ్లు పులకరించింది అని రాస్తాంది. నోరు చెప్పేది అబద్ధం, ఒళ్లు చెప్పేది నిజం అని ఎవురు తేల్చినారు?" అన్నారు మేడం.

ఆ ఆదివారాల్లో పద్మావతి అనే ఆవిడ వచ్చేది. నగల కొట్టున్న వాళ్ల ఇంటి కోడలు, మాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఆ రోజు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది:

"మా ఇంట్లో నేను ఉండానా పోయినానా అని చూసేవాళ్లే లేరు మేడం. ఆయనకు బుద్ధి పుట్టినప్పుడు పిలుస్తాడు, అంతే. ఈ కథలో ఒకడు ఆమె కోసం పిచ్చోడైపోతాండాడు. దీన్ని గూడా తప్పని తీసేస్తే నాకేం మిగుల్తాది?"

మేడం ఆ మాటను ఒక కాగితం మీద రాసుకున్నారు. సాయంత్రం నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చారు. బస్సు కదులుతుంటే, పులివెందులలో జరగబోయే ఒక సాహిత్య సభకు రాసుకున్న వ్యాసం మళ్లీ మొదట్నుంచి రాయాలని అన్నారు.

ఆ సభ పాపులర్ నవలల మీద. నేనూ పద్మావతీ మేడంతో పాటే వెళ్లాం. మేడం కంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి, ఆడవాళ్ల చవకబారు అభిరుచి వల్లే ఇలాంటి రాతలు పుడుతున్నాయని అన్నాడు. జనం నవ్వారు. పద్మావతి తల దించుకుంది. మేడం కాగితాలు కుర్చీలోనే వదిలేసి మైకు ముందుకు వెళ్లారు. ఆ పుస్తకాల్లో బలవంతానికి ప్రేమ అని పేరు పెడుతున్నారని, వాటిని చదివే ఆడవాళ్లను వెక్కిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదని అన్నారు. తాళి కట్టినవాడు కూడా అడగాల్సిందేనని అనేసరికి సభ గుసగుసలాడింది. ముందు వరసలోంచి ఒకాయన, ఆడవాళ్లు కూర్చున్నచోట ఇలాంటి మాటలు బాగుండవన్నాడు. కాసేపటికి మైకు ఆగిపోయింది. మేడం గొంతు ఆగలేదు.

"ఆడది కోరుకునేది తనను కావాలనుకునే మనిషిని. ఎత్తుకపోయేవాణ్ణి కాదు. ఆ ఇద్దరూ ఒకటేనని నమ్మించినోళ్లతోనే నా తగువు."

చప్పట్లు పెద్దగా పడలేదు. తిరుగు ప్రయాణంలో పద్మావతి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మళ్లీ ఆదివారాలకు రాలేదు. మేడం చాలా వారాలు నలిగిపోయారు. ఆ పిల్లకున్న ఒక్క ఊరటనూ తానే పాడుచేశానేమోనని పదేపదే అనేవారు.

కొన్ని నెలల తర్వాత పద్మావతి వచ్చింది. ఒక రాత్రి భర్తతో, ఈరోజు వద్దని చెప్పానంది. ఆయన అలిగి మిద్దె మీదికి పోయి పడుకున్నాడట, రెండు రోజులు పలకలేదట. మేడం ఆమె పక్కకు జరిగి కూర్చుని, భయమేసిందా అని అడిగారు.

"శానా భయమేసింది. చెప్పినాక నిద్ర పట్టింది" అంది పద్మావతి.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం మారిందో నాకు సరిగా తెలియదు. మారిపోయిందని రాయాలని ఉంటుంది గానీ రాయలేను.

చివరి రోజుల్లో మేడం పులివెందులలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. చూపు తగ్గింది. నేను వెళితే ఫోన్‌లో కథలు చదివించుకునేవారు. ఒక కథలో నాయకుడు గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగాడు. మేడం చదవడం ఆపమన్నారు. నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకున్నారు.

"చూడు, ఎట్ల కొట్టుకుంటాందో. అడిగితే కథ చప్పబడిపోతాదంటారే. ఏమ్మే, తప్పులు పట్టింది చాలు. నువ్వొకటి రాయి."

రాస్తున్నాను. తప్పు పట్టడం కంటే ఇది చాలా కష్టంగా ఉంది. పాత సీరియళ్ల వాక్యాలే వేళ్ల కిందికి వచ్చేస్తాయి: ఆమె కళ్లు వాలాయి, పెదవులు వణికాయి. కొట్టేసి లేచి ఇల్లంతా తిరుగుతాను. పద్మావతి చదివితే ఆమెకేం మిగులుతుంది అనుకుంటాను, మళ్లీ కూర్చుంటాను. నిన్న రాసిన భాగంలో నాయకుడు నాయికను, నీకిష్టమేనా అని అడిగాడు. ఆమె ఇంకా ఆలోచిస్తోంది. నేను ఆమెను తొందరపెట్టడం లేదు.