పద్మమ్మ పట్టీ, సాముయేలు పత్తాలు

మా చిన్నమ్మ పద్మమ్మ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఈ మాట ఆమె ముందే అంటాను, అనిపించుకుని నవ్వుతుంది కూడా. మొయినాబాదులో మా వాళ్ళ ఇళ్ళలో ఆమె నేసిన పట్టీ లేని ఇల్లు లేదు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చుకున్న పని అది. చదరపు అట్టముక్కలకు నాలుగు మూలలా బెజ్జాలు పెట్టి, రంగురంగుల దారాలు ఎక్కిస్తుంది. దారాల ఒక కొస వసారా స్తంభానికి, ఇంకో కొస తన నడుముకు. అట్టలన్నీ కలిపి ఒక్క తిప్పు తిప్పితే కింది రంగు పైకి వచ్చి పువ్వు పడుతుంది. మధ్యలో ఆమె లేచిందా, దారాలు వదులై పువ్వు చెదిరిపోతుంది.

మాదాపూరులో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. చిన్నమ్మ కూతురు ప్రియకు అక్కడ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి.

"మెడల ట్యాగు ఏస్తరంట గద, దాని పట్టీ నేనే నేస్త," అంది పద్మమ్మ.

"వద్దమ్మా, అందరు నవ్వుతరు."

"నవ్వనీ. నా చేతిపని నీ మెడల ఉండాలె, గంతే."

అనడమైతే అంది కాని, అటక మీది పాత అట్టలను చెదలు తినేశాయి. చొక్కాల డబ్బా కోసి చేస్తే మెత్తబడి వంగిపోయాయి. ఎప్పుడూ ఏడవని మనిషి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అది చూడలేక మా చిన్నాన్న సాముయేలు బర్రెల కొట్టంలోకి వెళ్ళి, చూరులో చెయ్యి పెట్టి ఒక కట్ట తెచ్చాడు. పత్తాలు! పేకాట మానేశానని సంఘం ముందు ప్రమాణం చేసిన మనిషి ఆయన. "మా ఆయన పత్తాలను ప్రభువు గండిపేట చెర్వుల ఏయించిండు" అని చిన్నమ్మ ప్రతి కూడికలోనూ సాక్ష్యం చెప్పేది. వినీ వినీ మాకందరికీ కంఠతా వచ్చింది.

"గివెక్కడియి?"

"గా ఫారంహౌసోళ్ళు పారేస్తే..."

నిప్పులు కక్కుతుందనుకున్నాను. కక్కలేదు. కత్తెర, దబ్బనం ఆయన ముందు పడేసింది. "కొయ్యి. నాల్గు మూలల బొక్కలు గూడ నువ్వే పొడువు." రాజుకూ రాణికీ జోకరుకూ తన చేత్తోనే పొడుస్తుంటే ఆయన ముఖం చూడాలి, దబ్బనం తనకే దిగుతున్నట్టు!

ఆదివారం మధ్యాహ్నానికి పట్టీ చివరికొచ్చింది. అప్పుడే గేటు చప్పుడైంది. పాస్టరమ్మ శకుంతలమ్మ, ఆమె వెనక స్త్రీల సమాజం మొత్తం. ప్రియ ఉద్యోగం కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. చిన్నమ్మ ఒళ్ళో చూస్తే రాజులూ రాణులూ! లేచి దాస్తే పట్టీ పోతుంది, కూర్చుంటే పరువు పోతుంది. పరువంటే ఆమెకు ప్రాణం.

ఆమె లేవలేదు. "వందనాలమ్మా, కూసోండ్రి. నేను లెవ్వలేను," అని ఇంకో తిప్పు తిప్పింది.

"గివి పత్తాలు కావా, పద్మమ్మా?" అంది పాస్టరమ్మ.

చిన్నమ్మకు అబద్ధం రాదు, మొగుణ్ణి పట్టివ్వడానికి మనసూ రాదు. మూల నుంచి సాముయేలు లేచాడు.

"నాయే అమ్మా. చెర్వుల ఏసిన్నని అబద్ధం చెప్పిన. ఆమెకు ఎర్కలేదు. ఇగ ఆడుదామన్నా రాదు, అన్నిటికి బొక్కలే."

ముందు పాస్టరమ్మే నవ్వింది. తర్వాత వసారా అంతా నవ్వే. ప్రియ మాత్రం నవ్వలేదు. తల్లి పక్కన కూలబడి, పట్టీ మీద చెయ్యి వేసి, "అమ్మా, రేపు గిదే ఏసుకుంట," అంది. చిన్నమ్మ కళ్ళు మళ్ళీ నిండాయి.

"మా కొడుకు జానీకి గూడ కొలువొచ్చింది, గసువంటిదే నేసియ్యరాదు?" అంది శకుంతలమ్మ.

"నేస్త గని, వీటి బొక్కలు సాగినయి. ఇంకో కట్ట కావాలె."

అందరి చూపులూ సాముయేలు వైపు తిరిగాయి. ఆయన చూపు మాత్రం మెల్లగా కొట్టం చూరు వైపు పోయింది.

"తే," అంది పద్మమ్మ, దబ్బనం అందిస్తూ.