ఎనిమిదో మెట్టు

యాప్రాల్ డూప్లెక్స్ ఇళ్లకు చెక్కమెట్లు చేసే బ్రహ్మచారి అనే వడ్రంగి, యాభై దాటాక బేస్ గిటార్ పట్టాడు. చెవి మీద పెన్సిల్ మాత్రం తియ్యలేదు. మేజర్ స్కేల్ అనే వరసలోని ఎనిమిది స్వరాల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి గిటార్ మెడ మీద రెండేసి గళ్ల దూరమనీ, రెండుచోట్ల మాత్రం ఒక్క గడేననీ పాఠం చెప్పే మేడం చెప్పింది. రేపు వాయించి చూపాలి. "మెట్లు గిట్ల ఎక్కువతక్కువ జేస్తే జనం కాళ్లిరగ్గొట్టుకుంటరు" అని గొణుగుతూ టేపు పెట్టి కొలిచాడు. గళ్లు కూడా పోనుపోను చిన్నవవుతున్నాయి! తల గోక్కుని, లెక్కపెడుతూ వాయించి, ఏడో స్వరం దగ్గర, తర్వాతది ఒక గడా రెండా అని అనుమానమొచ్చి ఆగాడు. వంటింట్లో భార్య విజయమ్మ గరిట కూడా ఆగింది. "ఆపినవేంది? ఇంకొక్కటున్నది గద, కొట్టు!" పక్క గడి నొక్కి మీటాడు. గరిట మళ్లీ కదిలింది. ఆమె దేనితో కొలిచిందో అంతుపట్టక, చేతిలో టేపుతో బ్రహ్మచారి వంటింటి వైపే చూస్తూ ఉండిపోయాడు.